జెల్ల పిట్టు

మొన్న మంగళవారం మా హామిల్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది. కింద ఆయన పోయారని ఒక ముక్క రాసి ఉంది. ఫొటోలో ఆయన నవ్వుతున్నాడు. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి గానీ ఆ చేతుల్లో ఉండాల్సిన చేపని ఎవరో కత్తిరించేశారు. పోయినవాడి ఫొటోలో చేప బాగోదనుకున్నారు కాబోలు. కత్తిరించింది కూడా సరిగ్గా కుదరలేదు, ఆయన మోచేతి దగ్గర తోక ముక్క మిగిలిపోయింది. దాని కింద ఒకళ్ల తర్వాత ఒకళ్లు "చాలా మంచి మనిషి" అని రాసుకుంటూ పోయారు.

ఆయన మంచి మనిషి కాదు. ఆరేళ్లు ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను కాబట్టి నాకు తెలుసు. నేనూ మంచిదాన్ని కాదని ఆ ఇంట్లోనే తెలిసింది.

నేను వరంగల్ నుంచి ఈ దేశానికి లాబ్ టెక్నాలజీ చదవడానికి వచ్చి ఆ ఇంట్లో దిగేసరికి ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి నడిపి రిటైరై ఉన్నాడు. పైన ఆయన, ఆంటీ. కింద నేను. పైకీ కిందికీ ఉమ్మడిగా ఉన్నది బట్టల మిషన్ పక్కనున్న పెద్ద సింకొక్కటే. ఆయన చేపలు తోమేదీ అందులోనే. మొదటి ప్రాక్టికల్ రోజున నా తెల్ల కోటు కాలర్ మీంచి పక్కనున్న అమ్మాయి ఏదో గిల్లి తీసి చూపించింది. చేప పొలుసు. ఇంటికొచ్చి మర్యాదగా చెప్పాను, అంకుల్, నా బట్టలు ఇక్కడే ఉంటయి కదా అని.

"చేప వాసన పడనోళ్లు నీళ్ల పక్కనున్న ఊళ్లోకి ఎందుకొచ్చారమ్మా?" అన్నాడు, తలెత్తకుండా.

ఆయన కాకినాడ అవతల సముద్రపు ఊరివాడు. ఇక్కడి ప్రతి చేపకీ తన ఊరి పేరే పెట్టేవాడు. ఇక్కడి సరస్సు హార్బర్‌లో దొరికే మీసాల చేప ఆయనకి జెల్ల. దాని ఇంగ్లీషు పేరు నేనున్న ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. చేపని చంపడానికి ఆంటీ పాత చపాతీ కర్ర వాడేవాడు. గట్టు మీద పడెయ్యగానే కళ్ల మధ్య ఒక్క దెబ్బ, అంతే. రెండో దెబ్బ వెయ్యాల్సి వచ్చిందంటే ఆ రోజంతా చిరాకు, ఆ చిరాకంతా ఆంటీ మీద. ఎరకి వానపాముని గుచ్చేటప్పుడు మాత్రం చాలా నెమ్మది. అది మెలికలు తిరుగుతుంటే తల పక్కకి వంచి చూస్తూ, "ఉండమ్మా, ఉండు, అయిపోయింది" అనేవాడు. నర్సు ఇంజెక్షన్ ఇస్తూ అన్నట్టే అనేవాడు.

ఆయనకున్న నియమం ఒకటే. పట్టింది తినాలి, అదీ ఆ రోజే తినాలి. పట్టి వదిలేసేవాళ్లంటే ఆయనకి ఎంత అసహ్యమో చెప్పలేను. ఒకసారి నార్త్ యార్క్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి కొత్త గాలంతో, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరో చెబితే ఈయన దగ్గర నేర్చుకోడానికి వచ్చాడట. ఆదివారం కదాని నేనూ ఆంటీతో కలిసి గట్టు మీదే ఉన్నాను. ఆ అబ్బాయికి మంచి చేపే పడింది. పట్టుకుని ఫొటో దిగాడు, దాని మూతి మీద ముద్దు పెట్టాడు, వంగి నీళ్లలోకి వదిలాడు. వదిలి, ఏదో పుణ్యం చేసినవాడిలా మా వైపు చూశాడు.

"పెళ్లయిందా బాబూ?" అని అడిగాడు ఈయన.

"లాస్ట్ ఇయర్ అయింది అంకుల్."

"నీ పెళ్లాం మూతికి కొక్కెం గుచ్చి, అరగంట లాగి, ముద్దెట్టుకుని, ఫొటో దిగి వొదిలేస్తే, మా ఆయన ఎంత దయగలోడో అనుకుంటదా?"

ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. ఈయన ఆగలేదు. "ఆకలేసి చంపితే దానికీ అర్థమవుద్ది. ఆడుకోడానికి చంపితే దానికేం చెప్తావు?" అన్నాడు. అబ్బాయి గాలం సర్దుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని నేల చూపులు చూసింది.

పక్కన గాలం వేసుకున్న తెల్లవాళ్లు ఆయన బకెట్లోకి తొంగిచూసి, వీటిని నిజంగా తింటావా అని అడిగేవాళ్లు. "నో. ఐ మ్యారీ దెమ్" అనేవాడు ఈయన.

ఎందుకు తింటాడో నాకు ఒక్కసారి, సింకు దగ్గర, చేప కడుపు చీలుస్తూ చెప్పాడు. "మా నాన్న వల వేసేవోడు. గాలం పట్టుకుని కూర్చున్నోణ్ణి చూస్తే ఉమ్మేసేవోడు. పనీపాటా లేనోడి యవ్వారం అనేవోడు. ఇప్పుడు నేనూ గాలమేసుకునే కూర్చుంటన్నాను కదా. ఇంటికి చేప పట్టుకెళ్లాననుకో, కూరకెళ్లాను. పట్టుకెళ్లలేదనుకో, నేనూ పనిలేనోణ్ణే."

తమాషా ఏంటంటే ఆ చేప ఆయనకి నచ్చదు. ఉప్పునీళ్ల చేప తిని పెరిగిన నోరు. "చప్పిడి నీళ్ల చేప, రుచేముంటది" అని తోక ముక్క గిల్లి పక్కన పెట్టేవాడు. ఆయనకి కావాల్సింది ఇంకొకళ్లు తినడం. పళ్లెం ముందు కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని, మనం ఆఖరి ముద్ద మింగేదాకా చూసేవాడు. తిన్నాక పళ్లెం అంచున పెట్టిన ముళ్లని వేలితో కదిలించి, వాటికి కండ మిగిలితే "ప్రాణం పోయింది దానిది, నీకు ముల్లు చీకడానికి బద్దకం" అనేవాడు. నేను బ్లడ్ రిపోర్ట్ చూసినంత శ్రద్ధగా ఆయన ముళ్లు చూసేవాడు. అద్దె తక్కువ, చదువుకునే రోజులు, నేను తినేదాన్ని. నిజం చెప్పాలంటే ఆంటీ వండితే బాగుండేది కూడా.

ఒకరోజు ఆయన లేనప్పుడు, ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆంటీ నా చెవిలో చెప్పింది. "నాకు చేప వాసనే పడదమ్మా. పెళ్లైనకాణ్ణించీ తింటన్నాను. మా పుట్టింట్లో శాకాహారులం కాదు గానీ, ఎందుకో ఇది మాత్రం గొంతు దిగదు."

"మరి చెప్పొచ్చు కదా ఆంటీ?"

"నేను తింటంటే ఆయన మొహం చూశావా నువ్వు?"

చూశాను. ఆ ఒక్క పది నిమిషాలే ఆయన మొహంలో దురుసుతనం ఉండేది కాదు.

లివర్‌లో గడ్డ వచ్చి ఆంటీ పోయింది. తెలిసిన రెండు నెలలకే పోయింది. పిల్లల్లేరు. అప్పటికి నాకు హాస్పిటల్ లాబ్‌లో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, మా ఆయన కూడా ఆ బేస్‌మెంట్‌లోకే వచ్చి నార్త్ యార్క్ ఆఫీసుకి రైల్లో తిరుగుతున్నాడు. ఆంటీ పోయిన ఏడాదికి నేను కడుపుతో ఉన్నాను.

క్లినిక్‌లో నర్సు అడిగింది, ఇక్కడి నీళ్లలో పట్టిన చేపలు తింటావా అని. తింటానన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి ఒక కాగితం ఇచ్చింది. ఏ నీళ్లలో పట్టిన ఏ చేప, ఎంత పొడవుంటే, నెలకి ఎన్నిసార్లు తినొచ్చో అందులో ఉంది. మామూలు మనుషులకి ఒక వరస, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకీ చిన్నపిల్లలకీ ఇంకో వరస. మా హార్బర్ పెద్ద జెల్లకి ఆ రెండో వరసలో అసలు తినొద్దని ఉంది. నీళ్ల అడుగున బురదలో పాతకాలం విషాలు ఉన్నాయట, అడుగున తిరిగే చేప కొవ్వులోకి అవి చేరతాయట, తల్లి కొవ్వులోంచి పాలలోకి వస్తాయట. ఆయనకి ఈ కాగితాల సంగతి తెలియక కాదు. "అది రాసినోడు ఎప్పుడైనా ఆకలేసి చచ్చాడా?" అని నవ్వేవాడు. కడుపుతో ఉన్నన్నాళ్లూ వాంతుల వంక పెట్టి తప్పించుకున్నాను.

ఏప్రిల్ ఆఖర్న పాప పుట్టింది. పాలు పడలేదు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ రొమ్ము సలుపుతుంది. రెండు రోజులకోసారి పాపని తూకం వేసేవాళ్లు, ముల్లు కదిలేది కాదు. మా అమ్మకి విజిటర్ వీసా రిజెక్ట్ అయింది. వీడియోలో మెంతులు తిను, వెల్లుల్లి తిను అని చెప్పి, నాకు కనపడకుండా ఫోను పక్కకి తిప్పి ఏడ్చేది. నర్సు ఫార్ములా పట్టమంది. పట్టాను. పాప డబ్బా పాలు గటగటా తాగుతుంటే నాకు ఆ సీసాని గోడకేసి కొట్టాలనిపించేది.

ఆయన మెట్ల మీంచే అడిగాడు. "డబ్బా పాలు పడతన్నావంట?"

"అవునంకుల్."

"అయితే కన్నావు గానీ ఇంకా తల్లివి కాలేదన్నమాట."

అని పైకి వెళ్లిపోయాడు. పచ్చి బాలింతతో ఆ మాట అన్న మనిషిని నేను ఈ జన్మకి క్షమించననుకున్నాను. ఆ సాయంత్రం హీటర్ గొట్టంలోంచి ఆయన గొంతు కిందికి వినపడింది. ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి అరుస్తున్నాడు. "ఏమే, వెల్లుల్లి ముందెయ్యాలా, ఆఖర్నెయ్యాలా? మిరియం ఎంత?"

మర్నాడు మధ్యాహ్నం స్టీలు డబ్బా తెచ్చి మెట్ల మీద పెట్టాడు. బాలింత గదిలోకి మగాడు రాకూడదని వాళ్ల ఊరి పద్ధతి, అందుకని లోపలికి రాలేదు. తలుపవతలే నిలబడి చెప్పాడు. "మా వైపు బాలింతకి సొరచేప పిట్టు పెడతారు, పాలు పడతాయి. ఈ గుంటలో సొర ఎక్కడ చచ్చింది! పెద్ద జెల్లతో చేశాను. జిగురంతా ఉప్పేసి తోమాను, తోలు తీశాను, ఉడకబెట్టి ముల్లన్నది లేకుండా చిదిమాను. తిను. పాలు పడకపోతే నన్నడుగు."

"పాప లేస్తది అంకుల్, తర్వాత తింటా."

ఆ మొదటి రోజు సంగతి చివర చెప్తాను. రెండో రోజు నుంచి మాత్రం డబ్బా అందుకోవడం, కాగితంలో పొట్లం కట్టి బయట తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లో వెయ్యడం, డబ్బా తోమి మెట్ల మీద పెట్టడం. ఆయన చీకట్నే లేచి ఆ చలిగాలిలో గట్టు మీదికి వెళ్లేవాడు. అరవయ్యెనిమిదేళ్ల మనిషి. చేప పడ్డాకే వచ్చేవాడు. వచ్చి, తోమి, ఉడికించి, ముళ్లు ఏరి, మధ్యాహ్నానికి డబ్బా. నేను కిందనుంచి ఆ చప్పుళ్లన్నీ వినేదాన్ని. విని, పారేసేదాన్ని.

వారం తిరిగేసరికి పాలు పడ్డాయి. పాలు లాగే పంపు పెట్టీ పెట్టీ పడ్డాయో, వాటికి బుద్ధి పుట్టి పడ్డాయో. "పడ్డాయా?" అని మెట్ల మీంచి అడిగాడు. "పడ్డయంకుల్" అన్నాను. ఇక ఆయన్ని పట్టలేకపోయాం. ఇండియన్ షాపులో, గుళ్లో, కనపడ్డ వాళ్లందరికీ తన జెల్ల పిట్టు కథే. ఒక పూట గుమ్మం దగ్గర నా చేతిలో ఉన్న పాపని దూరం నుంచే చూసి, "నా చేప తాగిన పిల్ల" అన్నాడు. ఆంటీ తింటుంటే ఉండే మొహం అది. నేను నవ్వి ఊరుకున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండేది కాదు, చెప్పలేదు.

పిట్టు మొదలైన పన్నెండో రోజు పొద్దున్నే తలుపు మీద దెబ్బ పడింది. మా ఆయన అప్పటికే రైలుకి వెళ్లిపోయాడు. పాపని ఎత్తుకుని తీశాను. ఆయన రెండు చేతుల మీదా న్యూస్‌పేపర్, అందులో తడి కుప్ప. రాత్రి చెత్త తవ్వుకు తినే రకూన్లు బిన్ను పడదోసి వాకిలంతా పరిచాయట. ఉల్లిపొట్టు, టీపొడి, కోడిగుడ్డు పెంకులు, మధ్యలో ముద్దలు ముద్దలుగా పిట్టు. ఆయన చేత్తో ఎత్తి తెచ్చాడు. ఊరి పద్ధతి మరిచిపోయి నేరుగా లోపలికొచ్చి తినే బల్ల మీద పెట్టాడు.

"ఏటిది?"

నేను పాపని భుజం మార్చుకున్నాను.

"ఇన్ని ప్రాణాలు తీశాను నీకోసం. నక్కలకీ కుక్కలకీ పెట్టావా?"

"అంకుల్, హార్బర్ చేప బాలింతలు తినొద్దని క్లినిక్‌ల..."

"తిను."

"పాప నా పాలు తాగుతుంది అంకుల్."

"నా ముందు తిను. ఇయ్యాళ కూర్చుంటాను." కుర్చీ లాగి, ఎప్పట్లాగే ఎదురుగా కూర్చున్నాడు. పాప ఏడుపు మొదలెట్టింది. ఆయన వేలితో పేపరుని నా వైపు జరిపాడు. పాప ఏడుస్తున్నా ఆ వేలు ఆగలేదు.

భయపడ్డానో, మండిందో, రెండూనో. నోటికి అందిన రాయి విసిరాను.

"ఆంటీకి పెట్టినట్టే నాకూ పెడ్తరా? ఆంటీ లివర్ ఎట్ల పోయిందో ఒక్కసారన్న అడిగిన్రా డాక్టర్‌ని? ఆమెకు చేప వాసనే పడదు, తెల్సా మీకు? మీ మొహం చూసి తిన్నది. పెళ్లైన కాన్నుంచి మీ మొహం చూసి తిన్నది!"

ఆయన వేలు ఆగింది. తలెత్తి, ఆ ఆరేళ్లలో మొదటిసారి, నన్ను విషయం తెలిసిన మనిషిని అడిగినట్టు అడిగాడు.

"నువ్వు లాబ్‌లో పని చేస్తావు కదా. నిజవేనా? దానివల్లేనా?"

నేను చేసేది రక్తకణాల లెక్క. ఒక మనిషి లివర్‌లో గడ్డ ఎందుకొచ్చిందో నాకే కాదు, పెద్ద డాక్టర్లకి కూడా ఖాయంగా తెలియదు. తెలియదు అంకుల్ అనడానికి ఒక్క క్షణం పట్టేది. ఆయన అన్న మాట గుర్తొచ్చింది, కన్నావు గానీ తల్లివి కాలేదన్నది.

"అవును" అన్నాను.

ఆయన న్యూస్‌పేపర్ నాలుగు అంచులూ మడిచి, ఒక్క మెతుకు రాలకుండా తీసుకుని పైకి వెళ్లిపోయాడు. సాయంత్రం మా ఆయనకి జరిగిందంతా చెప్పాను. అది విషమని తెలుసు కాబట్టి ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టలేదని చెప్పాను. ఎంత జాగ్రత్త చేశావు అని మా ఆయన నన్ను దగ్గరికి తీసుకున్నాడు. నెల తిరక్కుండా ఇల్లు మారాం.

రెండేళ్లు గడిచాయి. ఆ "అవును" నన్ను వదల్లేదు. కిందటి సెప్టెంబరులో ఒకరోజు పాపని స్ట్రోలర్‌లో వేసుకుని గట్టు మీదికి వెళ్లాను. ఆయన అదే చోట ఉన్నాడు, సగానికి సగం అయ్యాడు. పక్కన బకెట్ లేదు, చపాతీ కర్ర లేదు. నన్ను చూసి తలూపాడు. ఏమీ జరగనట్టే "ఎండలో తెచ్చావేంటి పిల్లని" అన్నాడు.

అప్పుడే గాలం వంగింది. జెల్ల, పెద్దదే. పైకి తెచ్చి, నోట్లో వేళ్లు పెట్టి కొక్కెం తీసి, వంగి నీళ్లలోకి వదిలేశాడు. కొక్కెం లోతుగా మింగినట్టుంది, మొప్పల్లోంచి నెత్తురు వస్తోంది. అది ఈదలేదు. పక్కకి ఒరిగి, తెల్లటి పొట్ట పైకి తేల్చి, నోరు తెరిచి మూస్తూ ఉంది. తెల్లటి గల్ పక్షులు వచ్చి వాలాయి. ఒకటి దాని కన్ను పొడిచింది. అది ఇంకా నోరు మూస్తూ తెరుస్తూనే ఉంది.

"అంకుల్, దాన్ని ఒక్క దెబ్బ కొట్టిన బాగుండు."

"తినేవోళ్లు లేనప్పుడు కొట్టే హక్కు నాకేటి?"

"మరి పట్టుడెందుకు?"

"పనిలేనోణ్ణి కదా" అన్నాడు, ఇంకో వానపాముని తీస్తూ. ఈసారి దానితో ఏమీ మాట్లాడలేదు.

నేను వచ్చిన పని చెప్పేశాను. "అంకుల్, ఆంటీ గురించి ఆ రోజు నేనన్నది అబద్ధం. చేప వల్లనో కాదో ఎవ్వరికీ తెల్వదు. కోపంల అన్న."

ఆయన చేతులు ఆగాయి. సంతోషిస్తాడనుకున్నాను, తిడతాడని కూడా అనుకున్నాను. ఆయన పాప వైపు చూశాడు.

"మరి పాలు?"

"అవే పడ్డయ్ అంకుల్."

"ఒక్క ముద్దైనా తిన్నావా? ఒక్కటి?"

పాప స్ట్రోలర్‌లోంచి ఆ పక్షుల్ని చూసి ఇంగ్లీషులో అరుస్తోంది, బర్డీ, బర్డీ అని. బుగ్గలు నిండుగా, దుక్కలా ఉంది.

"లేదంకుల్" అన్నాను.

"అయితే నా చేప పాలూ ఇవ్వలేదు, ప్రాణవూ తియ్యలేదన్నమాట" అన్నాడు ఆయన. "ఏవీ చెయ్యలేదన్నమాట." గాలం విసిరి, మళ్లీ నా వైపు తిరగలేదు. స్ట్రోలర్ తిప్పుకుని వచ్చేశాను.

ఇప్పుడు మొదటి రోజు సంగతి. ఆ డబ్బా మూత తీయగానే వెల్లుల్లి వాసన కొట్టింది. కాన్పయ్యాక ఒకళ్లు వండి తెచ్చింది నాకోసం అదే మొదటిది. కాగితం ఫ్రిజ్ మీదే అంటించి ఉంది, నాకు ఎదురుగానే. వేడన్నం కలుపుకుని డబ్బా మొత్తం తిన్నాను. అడుగున అంటుకున్నది వేలితో గీరి నాకాను. ఏడుస్తూ తిన్నాను, అంత బాగుంది. అరగంటలో పాప లేచింది, దానికి రొమ్మిచ్చాను. ఆ సంగతి చెబితే తెలిసి తెలిసి బిడ్డకి అది తాగించిన తల్లినవుతాను, అందుకని మా ఆయనకి చెప్పలేదు. గట్టు మీద ఆయనకీ చెప్పలేదు.

మొన్న గ్రూపులో అందరి కిందా నేనూ టైపు చేశాను. "పిట్టు చాలా బాగుంది అంకుల్, అంతా తిన్నాను" అని. ఆ గ్రూపులో మా ఆయన కూడా ఉన్నాడు. చెరిపేసి, అందరూ పెట్టినట్టే రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.